రాత్రంతా పడుకున్న కాలు పొద్దున్నే ఎందుకు నొస్తుంది?

ప్రశ్న: బేగం బజార్ల స్టీలు సామాన్ల దుకాణంల పనిచేస్త. పొద్దుగాల మంచం దిగి కాలు కింద పెట్టంగనే మడమల పొడిచినట్టయితది. పది అడుగులేస్తే తగ్గుతది. మల్ల దుకాణం మూసే యాళ్లకు గుంజుతది. నిలబడితే నొప్పంటే అర్థమైతది గని, రాత్రంత పండుకున్న కాలు ఎందుకు నొయ్యాలె?

జవాబు: మడమ నొప్పితో వచ్చినవాళ్లను డాక్టర్లు మొదట అడిగేది కూడా ఇదే: నిద్ర లేచాక వేసే మొదటి అడుగు నొస్తుందా అని. కాబట్టి మీ ప్రశ్నలోనే జబ్బు ఆనవాలు ఉంది.

నొప్పి ఎక్కడిదో తెలియాలంటే, కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద పెట్టండి. ఒక చేత్తో కాలి వేళ్లను వెనక్కి వంచి, రెండో చేత్తో అరికాలి మధ్య తడమండి. బిగిసిన పట్టీ ఒకటి వేలికి తగులుతుంది. దాని పేరు ప్లాంటార్ ఫేషియా. మడమ ఎముక అడుగున మొదలై వేళ్ల మొదళ్ల దాకా ఉంటుంది. పాదంలోని 26 ఎముకలు కలిసి ఒక వంపుగా నిలుస్తాయి. వింటికి నారి ఎలాగో, ఆ వంపుకు ఈ పట్టీ అలాగ. నడిచేటప్పుడు మడమ లేస్తుంది, వేళ్లు వెనక్కి వంగుతాయి, పట్టీ బిగుస్తుంది, వంపు పైకి లేస్తుంది. అప్పుడే పాదం గట్టిపడి ఒంటిని ముందుకు నెట్టగలుగుతుంది. ఈ పనితీరును 1954లో హిక్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు వివరించాడు.

ఇప్పుడు రాత్రి సంగతి. పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి ఉంటుంది. పిక్క కండరం, అరికాలి పట్టీ గంటల తరబడి ముడుచుకునే ఉంటాయి. పొద్దున లేచి నిలబడగానే ఒంటి బరువంతా పడి, బిగుసుకున్న పట్టీ ఒక్కసారిగా సాగుతుంది. అది మడమకు అతుక్కున్న చోట ముందే దెబ్బతిని ఉంటే, అక్కడ పొడిచినట్టవుతుంది. పది అడుగులేస్తే పట్టీ మెల్లగా సాగి నొప్పి సర్దుకుంటుంది. రాత్రి విశ్రాంతి నొప్పిని పుట్టించలేదు. పగలు పడ్డ భారాన్ని పొద్దుటి అడుగు బయటపెట్టింది.

ఆ పగటి భారం ఎక్కడిది? చాలా దుకాణాల్లో చెప్పులు బయట విడిచి, బండరాతి నేల మీద వట్టి కాళ్లతో నిలబడాలి. పై అరల్లో గిన్నెల కోసం మునివేళ్ల మీద లేవాలి. ఒంటి బరువు పెరిగినా, పిక్కలు బిగుసుకుపోయినా పట్టీ మీద ఇంకా ఒత్తిడి పడుతుంది. పిక్క బిగిస్తే చీలమండ సరిగ్గా వంగదు. అది వంగాల్సిన మేర పాదం మధ్యభాగం కుంగి, పట్టీ మరింత సాగుతుంది.

ఎక్స్‌రే తీస్తే మడమ కింద ఎముక ముల్లులా పెరిగినట్టు కనిపించవచ్చు. భయపడకండి. ఏ నొప్పీ లేనివాళ్లలోనూ అలాంటి ముల్లు కనిపిస్తుంది. దాన్ని తీయించుకుంటేనే నొప్పి పోతుందనుకోవద్దు.

మరి ఎలా తగ్గించుకోవాలి? ముందు భారం తగ్గించాలి, తర్వాత బలం పెంచాలి. మొదటిది ఒక్కటే చేస్తే, పని పెరిగిన పండగ సీజన్‌లో నొప్పి మళ్లీ తిరగబెట్టే వీలుంది.

భారం తగ్గించడానికి, దుకాణంలోనే వాడుకునే మెత్తటి అడుగున్న చెప్పులు ఒక జత పెట్టుకోండి. నిలబడే చోట రబ్బరు మ్యాట్ వేయించుకోండి. చిన్న పీట పెట్టుకుని ఒకసారి ఒక కాలు, ఒకసారి ఇంకో కాలు దాని మీద ఆనించండి. నిచ్చెన ఎక్కేటప్పుడు మెట్టు మీద మునివేళ్లు కాకుండా పాదం మధ్యభాగం ఆనాలి.

ఇక వ్యాయామం. మంచం దిగకముందే, పైన చెప్పినట్టు కాలు మడిచి, వేళ్లను వెనక్కి లాగి పది అంకెలు లెక్కపెట్టండి. అలా పదిసార్లు. మంచం మీద చేసేదానితో కలిపి రోజుకు మూడు విడతలు చేయండి. మొదటి అడుగుకు ముందే పట్టీ మెల్లగా సాగుతుంది కాబట్టి బరువు పడ్డప్పుడు అదురు తగ్గుతుంది. తర్వాత గోడకు చేతులానించి, నొప్పి కాలిని వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి ముందుకు వాలండి. పిక్క లాగుతున్నట్టు తెలిసిన చోట అర నిమిషం ఆగండి.

బలం కోసం మెట్టు అంచున నొప్పి ఉన్న కాలి మీద నిలబడి, వేళ్ల కింద చుట్టిన టవల్ పెట్టండి. మూడు సెకన్లలో మడమ పైకి లేపి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో దించండి. పన్నెండుసార్లు, రోజు విడిచి రోజు. గోడనో రెయిలింగ్‌నో పట్టుకోండి. ఒంటికాలి మీద కష్టమైతే రెండు కాళ్లతో మొదలుపెట్టండి. 2014లో వెలువడిన ఒక డెన్మార్క్ అధ్యయనంలో, మూడు నెలలకు ఈ పద్ధతి వట్టి సాగదీతకన్నా ఎక్కువ ఉపశమనం ఇచ్చింది. ఏడాదికి రెండు పద్ధతులవాళ్లూ దాదాపు సమానంగా కోలుకున్నారు. అంటే రెండూ పనిచేస్తాయి, కావలసింది ఓపిక. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాడు పొద్దున నొప్పి పెరిగితే మాత్రం లెక్క తగ్గించండి. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని నెలల్లో, లేదా ఏడాదికి అటూ ఇటూగా తగ్గిపోతుంది.

షుగర్ ఉన్నవాళ్లు, పాదం తిమ్మిరెక్కినవాళ్లు, వాపు, ఎరుపు, జ్వరం ఉన్నవాళ్లు, పడ్డాక కాలు మోపలేనివాళ్లు ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి. మీకు దగ్గర్లోనే ఉస్మానియా ఆసుపత్రి ఉంది.

చివరి మాట దుకాణం యజమానులకు. పనివాళ్లు కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. చట్టం ఒత్తిడి చేసేదాకా ఆగనక్కర్లేదు. గిరాకీ లేనప్పుడు పనివాళ్లు కూర్చోవడానికి కౌంటర్ వెనక ఒక స్టూలు వేయించండి, కూర్చుంటే కోప్పడకండి. ఇంట్లో చేసిన వ్యాయామం ఫలించాలంటే దుకాణంలో ఆ స్టూలు ఉండాలి.