కిరాయి గడువు తీరిన వేళ: మధ్యవర్తి మాట, మన మౌనం

 



2016 అక్టోబరు 11న మన మెదక్ పట్టణం కొత్త జిల్లాకు కేంద్రమైంది. ఉద్యోగం కోసమో వ్యాపారం కోసమో ఊరికి వచ్చినవారు ఇంటికీ మడిగెకూ మధ్యవర్తిని ఆశ్రయించడం సహజం. అయితే గడువు తీరి, కిరాయిని పొడిగించుకునే వేళ కూడా అన్నీ అతనికే వదిలివేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

ఇటీవల ఒక వివాదం మసీదు వరకు వచ్చింది. ఇంటి యజమానురాలు వితంతువు. హైదరాబాదులో కొడుకు వద్ద ఉంటారు. ఆ కిరాయే ఆమెకు ఆధారం. ఇంట్లో ఉన్నది ఒక దర్జీ కుటుంబం. పదకొండు నెలల గడువు తీరగానే మధ్యవర్తి దర్జీతో, "ఖాలా వెయ్యి పెంచమంటున్నారు, లేదంటే ఖాళీ చేయమంటున్నారు" అన్నాడు. ఆమెతోనేమో, "అతడు ఐదు వందలకు మించి పెంచడట" అన్నాడు. పిల్లల చదువు మధ్యలో ఇల్లు మారలేక దర్జీ వెయ్యికీ ఒప్పుకున్నాడు. కమీషను పేరిట మరో నెల కిరాయి కూడా ఇచ్చాడు. కిరాయి మధ్యవర్తి చేతి మీదుగానే వెళ్లేది. ఏడు నెలల్లో మూడు వేల ఐదు వందలు మధ్యలోనే ఆగిపోయాయి. ఇతడు ఆమెను అత్యాశాపరురాలనుకున్నాడు. ఆమె ఇతడిని పిసినారి అనుకున్నారు. చివరికి ఒక్క ఫోను మాటతో నిజం బయటపడింది.

సోదరులారా! మనిషి శ్రమకిచ్చే కూలీని, ఇంటికిచ్చే కిరాయిని ధర్మశాస్త్రం ఇజారా అనే ఒకే అధ్యాయం కింద చర్చిస్తుంది. సూరా అల్ ఖసస్‌లో మూసా (అలైహిస్సలాం) గాథను గుర్తుచేసుకోండి. మద్యన్ పెద్దాయన ఎనిమిదేళ్ల సేవను షరతుగా పెట్టారు. పదేళ్లు పూర్తిచేయడాన్ని మూసా ఇష్టానికి వదిలారు. ఆయనను కష్టపెట్టే ఉద్దేశం తనకు లేదని కూడా తెలిపారు. మూసా (అలైహిస్సలాం) ఆ మాటను స్పష్టం చేసుకుని అల్లాహ్‌ను సాక్షిగా నిలిపారు. గడువు వేరు, పొడిగింపు వేరు. పొడిగింపు బలవంతంతో కాదు, ఇష్టంతో జరగాలి. వారిద్దరూ ముఖాముఖి మాట్లాడుకున్నారన్న సంగతి మరువరాదు.

ఇక మౌనం సంగతి. ఉస్మానీ పాలనలో 1869 నుండి 1876 వరకు హనఫీ ఫిఖహ్ ఆధారంగా కూర్చిన మజల్లా అనే న్యాయసంపుటిలో 438వ నిబంధన ఇలా వివరిస్తుంది: నెలకు యాభై చెల్లించే కిరాయిదారుతో యజమాని, అరవై ఇస్తే ఉండు, లేదంటే ఖాళీ చేయమని చెప్పాడు. అతడు ఒప్పుకోనని చెప్పి ఉంటే పాత యాభయ్యే చెల్లించాలి. మాట్లాడకుండా ఉండిపోతే అప్పటి నుండి అరవై చెల్లించాలి. అంటే కిరాయి విషయంలో మౌనం కూడా అంగీకారమే.

మన దేశంలోని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా ఇటువంటి మౌనానికి విలువ ఇచ్చింది. వేరే ఒప్పందం లేనప్పుడు, గడువు తీరాక కూడా యజమాని కిరాయి స్వీకరిస్తూ ఉంటే, 116వ సెక్షన్ ప్రకారం నివాసపు ఇంటి కిరాయి నెలనెలా కొనసాగినట్లే. దానిని ముగించాలంటే 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ఏడాదికి మించిన కిరాయినామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పదకొండు నెలల అలవాటు అందువల్లనే వచ్చింది.

మధ్యవర్తిత్వం నిషిద్ధం కాదు. ఇమామ్ బుఖారీ తన గ్రంథంలో దలాలీ ప్రతిఫలానికి ప్రత్యేక శీర్షికే పెట్టారు. మదీనాలో దలాలులుగా పిలువబడే వారిని దైవప్రవక్త (సఅసం) వర్తకులని మరింత మంచి పేరుతో పిలిచారనీ, బేరాల్లో వ్యర్థ మాటలు, ప్రమాణాలు దొర్లుతాయి గనుక దానధర్మాలతో వాటిని శుద్ధి చేసుకోమన్నారనీ ఖైస్ బిన్ అబీ గరజా (రజి) ఉల్లేఖించారు. గౌరవంతో పాటు బాధ్యత కూడా ఉన్నది. యజమాని తరఫున మాట్లాడేవాడు అమానతుదారు. చెప్పకుండా మిగుల్చుకున్న పైకం అతనిది కాదు. కమీషను ఎంతో, ఎవరు ఇస్తారో, పొడిగింపుకు కూడా వర్తిస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. ఒప్పుకున్నది ఎగవేయడం పాపం. ఒప్పుకోనిదాన్ని, చేయని పనికి అడగడం అన్యాయం.

కాబట్టి గడువుకు నెల ముందే యజమాని, కిరాయిదారు స్వయంగా మాట్లాడుకోండి. కొత్త కిరాయి, గడువు, అడ్వాన్సు, మరమ్మతులు కాగితంపై రాసుకోండి. సాక్షుల సంతకాలు తీసుకోండి. ప్రతి నెలా రసీదు ఇవ్వండి, అడిగి తీసుకోండి. యజమాని పొడిగించనంటే మొండిగా కూర్చోవద్దు. యజమానులు కూడా ఖాళీ చేసేవారి అడ్వాన్సును ఆపవద్దు.

ఆ దర్జీ విషయంలో మధ్యవర్తి తప్పు ఒప్పుకుని మూడు వేల ఐదు వందలు తెచ్చి ఇచ్చాడు. అది ధర్మం ప్రకారం యజమానురాలికి చెందే సొమ్ము. కానీ ఆమె, "నేను అడగని డబ్బు నాకెందుకు?" అని దర్జీకే ఇప్పించారు.

ఓ అల్లాహ్! మా ఒప్పందాలలో సత్యాన్ని, మా సంపాదనలో హలాలును, మా ఇళ్లలో శాంతిని ప్రసాదించు. ఆమీన్.