మునిమనుమల ముద్ద

“కడుపులో బిడ్డ పెరిగితే కాన్పు కష్టమమ్మా, కాస్త తక్కువ తిను!”

సాగర్ ఎడమకాలువ కింద వరి పండే పాలకీడు వైపు పల్లెల్లోనూ కోడళ్లు వినే మాటే ఇది. ప్రేమతో చెప్పినదే. కాని ఆ ముద్ద ఎవరిదో చూడండి!

కడుపులోనిది ఆడపిల్లయితే, అయిదో నెలకే ఆమె అండాశయాలలో 60, 70 లక్షల అండాలుంటాయి. పుట్టేనాటికి 10, 20 లక్షలే మిగులుతాయి. జీవితమంతటికీ అదే నిల్వ.

ఐర్లండులో చూడి ఆవులకు తొలి నెలల్లో మేత తగ్గించి చూశారు. పుట్టిన పెయ్యలలో అండాల నిల్వ తగ్గిందని 2013లో వెల్లడించారు. మనుషులలో ఇది రుజువు కాలేదు. 1944-45 హాలెండు కరువునాడు కడుపున ఉన్న ఆడపిల్లలకు తరువాత సంతానశక్తి తగ్గినట్లు కనబడలేదు. అంతమాత్రాన పస్తు మంచిదవుతుందా? తల్లికి నీరసం, బిడ్డకు తూకం తక్కువ—ఈ కష్టాలు తెలిసినవే గదా!

2015 జనవరి 1న తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణికి అంగన్‌వాడీలో అన్నం, పప్పు, గుడ్డు, పాలు ఏర్పరచింది. అత్తగారూ! కోడలిని అక్కడికి పంపండి. ఇంటికి వచ్చాక మీ చేత్తో మరో ముద్ద పెట్టండి. అందులో మీ మనుమరాలి పాలే కాదు, మునిమనుమల పాలు కూడా ఉండవచ్చు.