లాడ్ బజారులో ఒక క్రియాపదము

చార్మినారు నుండి పడమటగా సాగిపోవు లాడ్ బజారులో, దీపములు వెలిగెడు వేళ, ఏదో ఒక గాజుల దుకాణము ముందు గడియసేపు నిలిచినవారికి వ్యాకరణ పాఠమొకటి రుసుము లేకుండ లభించును. పెండ్లి గాజులకై పల్లెనుండి వచ్చిన తెలుగు ఇల్లాలు "అన్నా, ఆ ఎర్రవి రెండు జతలు కావాలి" అనును. ఆమె ప్రక్కనే నిలిచిన పాతబస్తీ బాలిక రాళ్లు పొదిగిన గాజులను చూపి "మేరేకు వో హోనా" అనును. తల్లి వేరొక జతను తొడుగబోగా "నక్కో అమ్మీ" అని చేయి వెనుకకు తీసికొనును. దుకాణదారుడు ఎవరి భాషలో వారికి బదులు చెప్పుచు పెట్టెలు విప్పుచుండును.

భాషలు రెండైనను అచ్చట నడచుచున్న క్రియ ఒక్కటే. అది కోరుట. లక్కను నిప్పులపై మెత్తపరచి, కడ్డీగా సాగదీసి, వలయముగ వంచి, దానిపై మెరుపురాళ్లను ఒక్కొక్కటిగ పొదిగెడు పనివాని శ్రమయంతయు ఎవరో ఒకరు వచ్చి ఆ ఒక్క మాట అనుట కొరకే ఎదురుచూచుచుండును. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. కాని ఆ వీధిలో పుట్టి పెరిగిన మాటలకు అట్టి గుర్తింపు నిచ్చువారు అరుదు.

ఇదే నగరమున, మూసీనదికి ఆవలి వైపున, తార్నాక ప్రాంతమున మరియొక రకపు పాఠము జరుగుచున్నది. 1958లో ఆంగ్ల బోధన కొరకు వెలసిన కేంద్ర సంస్థ 1972లో విదేశీ భాషలను కూడ తన పేరులో చేర్చుకొని, తరువాత కేంద్ర విశ్వవిద్యాలయమై, నేడు 'ఇఫ్లూ' అను పొట్టిపేరుతో ప్రసిద్ధమైనది. అచ్చట బోధించు భాషలలో స్పానిష్ ఒకటి. సుమారు 20 దేశములలో అధికార భాషయై, దాదాపు 50 కోట్ల జనులకు మాతృభాషయైన ఆ భాష తెలుగువారికి మరీ దూరపుది కాదు. బార్సెలోనాలో 1920లో జన్మించి, 1952లో భారతదేశమునకు వచ్చిన విసెంతె ఫెర్రెర్ 1969 నుండి అనంతపురమునే తన కార్యక్షేత్రముగ చేసికొని, 2009లో అచ్చటనే కన్నుమూసెను. ఆయన స్థాపించిన సేవాసంస్థ మూలమున స్పెయిను దేశస్థుల రాకపోకలు ఆ కరవుసీమకు అలవాటైనవి.

స్పానిష్ నేర్వబూనిన తెలుగు విద్యార్థికి తొలినాళ్లలోనే ఎదురగు క్రియ 'కెరేర్'. దాని యర్థము కోరుట. లాడ్ బజారులోని 'కావాలి'కిని, 'హోనా'కును అది దూరదేశపు తోబుట్టువు. దానిని నేర్చుట యనగా పట్టికను కంఠస్థము చేయుట యని విద్యార్థి తలచును. ఆ పట్టికలో ముఖ్యమైన వరుసలు ఇవి. నేను, నీవు, అతడు, మేము, మీరు, వారు అను క్రమమున చదువుకొనవలెను. ఊనిక పడు అక్షరమును ఇచట దీర్ఘముగ చూపబడినది.

వర్తమానము: కియేరొ, కియేరెస్, కియేరె, కెరేమొస్, కెరేయిస్, కియేరెన్.

అసమాప్త భూతము: కెరీయ, కెరీయస్, కెరీయ, కెరీయమొస్, కెరీయయిస్, కెరీయన్.

సమాప్త భూతము: కీసె, కిసీస్తె, కీసొ, కిసీమొస్, కిసీస్తెయిస్, కిసియేరొన్.

భవిష్యత్తు: కెర్రే, కెర్రాస్, కెర్రా, కెర్రేమొస్, కెర్రేయిస్, కెర్రాన్.

సంభావ్యము: కెర్రీయ, కెర్రీయస్, కెర్రీయ, కెర్రీయమొస్, కెర్రీయయిస్, కెర్రీయన్.

ఆకాంక్షార్థక వర్తమానము: కియేర, కియేరస్, కియేర, కెరామొస్, కెరాయిస్, కియేరన్.

ఆకాంక్షార్థక భూతము: కిసియేర, కిసియేరస్, కిసియేర, కిసియేరమొస్, కిసియేరయిస్, కిసియేరన్.

ఏడు వరుసలు, 42 రూపములు. సహాయక్రియతో కూడిన రూపములు వీనికి అదనము. విధ్యర్థకము కూడ కలదు గాని, 'కోరుము' అని ఒకరిని ఆజ్ఞాపించు సందర్భము ఏ భాషలోనైనను అరుదే. ఒక్క ధాతువు 'కెర్' అనియు, 'కియేర్' అనియు, 'కీస్' అనియు, 'కెర్ర్' అనియు నాలుగు వేషములు వేయుట చూచి విద్యార్థి బెదరుట సహజము. కాని ఆ బెదరు నిలువదగినది కాదు. తెలుగు బాలుడు తల్లి ఒడిలోనే ఇంతకన్న గడుసు క్రియను నేర్చియున్నాడు. 'అగును', 'అయినది', 'కాదు', 'కావలెను' అను నాలుగును ఒక్క ధాతువు రూపములే గదా! 'వచ్చును' అనువాడే 'రాడు' అనును, 'రమ్ము' అనును. ఎవ్వరును వానికి పట్టిక వ్రాసి యీయలేదు.

పైగా స్పానిష్ మార్పులకు కారణములు కలవు. ఊనిక ధాతువుపై పడినప్పుడు 'కెర్' సాగి 'కియేర్' అగును. ఊనిక ప్రత్యయముపైకి జరిగినప్పుడు ధాతువు మరల తన తొలి రూపమునకు వచ్చును. కనుకనే 'కియేరొ' అనువారు 'కెరేమొస్' అందురు. ఇక భవిష్యత్తు సంగతి. 'కెరేర్' అను పూర్తిపదముపై ప్రత్యయము చేరగా, రెండు రేఫముల నడుమనున్న అచ్చు నలిగి లోపించి 'కెర్రే' అయినది. ఇది తెలుగువారికి వింత యేల కావలెను? 'తినినాడు' అనునది రెండు నకారముల నడుమ నచ్చు లోపించి 'తిన్నాడు' అయినది. నాలుకకు ఎచ్చటనైనను సులువే ప్రియము.

రూపములు తెలిసిన పిదప అసలు పాఠము మొదలగును. స్పానిష్‌లో భూతకాలములు రెండు. 'కెరీయ' అనగా కోరిక మనసులో నుండెను, దాని ఫలితము చెప్పబడలేదు. 'కీసె' అనగా కోరిక ఒక క్షణమున క్రియవైపు అడుగువేసి ముగిసినది. గాజుల దుకాణమునకే అన్వయించినచో, మొదటిది 'కొనవలెనని యుంటిని' అనుటకు చేరువ, రెండవది తరచుగా 'కొనజూచితిని' అనుటకు చేరువ. దానికి 'నొ' అను వ్యతిరేకార్థకము చేర్చి 'నొ కీసొ' అన్నచో, 'అతడు కోరలేదు' అని మాత్రమే కాదు, 'అతడు ససేమిరా అన్నాడు' అను అర్థము వచ్చును. కాలపు ప్రత్యయము ఒక్కటి మారగా మనిషి నడవడియే మారినది.

ఆకాంక్షార్థకము మరియొక లోకము. నీవు వచ్చుచున్నావు అను నిజమును చెప్పుటకు 'బియేనెస్' అందురు. నీవు రావలెనని నేను కోరుచున్నాననుటకు 'కియేరొ కె బేంగస్' అందురు. జరుగుచున్నదానికి ఒక రూపము, జరుగవలెనని మనసు తలచుదానికి వేరొక రూపము. సంస్కృత వ్యాకరణము చదివిన ఉపాధ్యాయులకు ఇచట వేదములలో మాత్రమే కనిపించు లేట్ లకారము జ్ఞప్తికి రాకపోదు. లౌకిక సంస్కృతమున మాయమైన ఆ అర్థభేదము స్పానిష్‌లో నేటికిని వంటింటి మాటగ నిలిచియున్నది. తెలుగు ఇదే పనిని 'రావలెనని' అను రూపముతో చేయుచున్నది. లాడ్ బజారు దక్కనీ తెలుగు 'అని' వలె 'బోల్కే' అను మాటను వాక్యము చివర తగిలించి ఇతరుల మాటను, తలపును పట్టి చూపుచున్నది.

బేరపు మర్యాదలలో కూడ ఈ క్రియ గొప్ప గురువు. స్పెయినులో అంగడికి పోయి 'కియేరొ' అన్నచో తప్పు కాదు గాని, మాట కొంచెము బిరుసు. 'కెరీయ' అని భూతకాలమున అడిగినచో మెత్తన. 'కిసియేర' అన్నచో మరింత వినయము. కోరిక ఇప్పటిదే అయినను దానిని గతములోనికో, ఊహలోనికో నెట్టి చెప్పుట వలన ఎదుటివానికి కాదనుటకు చోటు మిగులును. ఆ చోటే మర్యాద. తెలుగు ఇల్లాలు కూడ "గాజులు చూద్దామని వచ్చామండి" అనును. వచ్చినది ఇప్పుడే, చూచుట ఇంకను కాలేదు. అయినను భూతకాలము, దాని వెనుక 'అండి' కలిసి కోరికకు మేలిముసుగు వేయుచున్నవి.

ఇంతవరకు పోలికలు. ఒక తేడాను మాత్రము తెలుగు విద్యార్థి గట్టిగా గుర్తుంచుకొనవలెను. స్పానిష్‌లో కోరువాడు కర్త. 'కియేరొ' అన్నచో అందులోనే 'నేను' కలదు. తెలుగులో కోరువాడు కర్త కాడు. "నాకు గాజులు కావాలి" అను వాక్యమున కర్తలు గాజులే. అవి నాకు 'కా'వలెను, అనగా నావి అగుట వలయును. కావున 'కావాలి' అను మాట నాకైనను, నీకైనను, వారికైనను మారదు. మారునది 'నాకు', 'నీకు', 'వారికి' అనునదే. ఈ అలవాటుతో విద్యార్థి స్పానిష్ వాక్యము ముందు 'నాకు' అను మాటను చేర్చును. ఉపాధ్యాయుడు దానిని అజాగ్రత్త యని ఎర్రసిరాతో కొట్టివేయుట తేలిక. అది మాతృభాష చూపిన బాట యని తెలిసికొని, "నాకు నచ్చినది అను అర్థమున స్పానిష్ వారును నీవలెనే 'నాకు' అను మాటతో మొదలుపెట్టుదురు, కోరుటలో మాత్రము మొదలుపెట్టరు" అని చెప్పుట గురుత్వము.

దక్కనీ చరిత్ర ఈ మాటను నిలువునా సమర్థించుచున్నది. ఉత్తరాది ఉర్దూలో 'ముఝే చాహియే' అందురు. ఆ పదము 'చాహనా', అనగా కోరుట, అను క్రియ నుండి వచ్చినది. హైదరాబాదీ బాలిక అనునది 'హోనా'. హోనా యనగా అగుట. అగుటను చెప్పు క్రియతోనే అక్కరను చెప్పుట తెలుగు 'కావలెను' నడచిన దారియే. ఆమె నోటి 'నక్కో' మరాఠీ 'నకో' నుండి వచ్చినది. పదునాలుగవ శతాబ్దమున దక్కనునకు దిగివచ్చిన ఉత్తరపు వాడుక ఇచటి పొరుగు భాషలతో కలసి బ్రతికి ఈ రూపు దాల్చినది. 1591లో హైదరాబాదును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా తన కవిత్వమును ఆ భాషలోనే వ్రాసెను. అట్టి భాషను చలనచిత్రములలో నవ్వులకు వాడుకొనుట, పాఠశాలలో 'చెడిన ఉర్దూ' అని పిల్లలను చిన్నబుచ్చుట న్యాయము కాదు.

స్పానిష్ మాత్రము ఏమి? రోమను సైనికులును వర్తకులును తెచ్చిన వాడుక లాటినే సంతలలో నలిగి నలిగి ఆ భాషయైనది. లాటినులో వెదకుట, అడుగుట అను అర్థములు గల 'క్వేరెరె' అను క్రియయే నేటి 'కెరేర్'. పండితులు లాటినునే భాష యనుచున్న కాలమున, 1492లో ఆంతోనియొ దె నెబ్రీహ కాస్తిలియను భాషకు వ్యాకరణము వ్రాసి అచ్చువేయించెను. నిన్నటి వీధి తప్పిదములు నాటినుండి సూత్రములైనవి. నేడు ఏ పట్టికను చూచి విద్యార్థి భయపడుచున్నాడో, అది ఒకనాటి లాడ్ బజారు మాటలకు పెట్టిన జాబితా మాత్రమే.

ఈ క్రియకు చివరి రూపమొకటి మిగిలినది. 'కెరేర్' అను క్రియకు కోరుట మాత్రమే కాదు, ప్రేమించుట కూడ అర్థము. దాని భూతకాల విశేషణము 'కెరీదొ', అనగా ప్రియమైనవాడు. ఉత్తరములు ఆ మాటతోనే మొదలగును. తెలుగులో బంధువులను, ఆప్తులను ఏమందురు? 'కావలసినవారు' అందురు. రెండు భాషలకు చుట్టరికము లేదు, ఒకదానినుండి ఒకటి అరువు తెచ్చుకొన్నదియు లేదు. అయినను కోరుట అను క్రియను చివరి వరకు నడిపించిన రెండు జాతులును ఒక్క గుమ్మము ముందే ఆగినవి.

బజారులో రాత్రి పొద్దుపోయినది. ఇల్లాలు రెండు జతలు కొని కాగితపు పొట్లమును కొంగున ముడిచికొన్నది. ఆ రెండవ జత ఎవరికని దుకాణదారుడు అడుగగా, "కావలసినవాళ్ళ అమ్మాయికి" అని చెప్పి నడచిపోయినది.