కొలరాడో ఒడ్డున వేడినీటి మడుగులు

లాస్ వేగాస్ చూడబోయిన తెలుగువాళ్లలో చాలామంది హూవర్ డ్యామ్ దగ్గర ఫొటోలు దిగి, అటునుంచి అటే వెనక్కి వచ్చేస్తారు. డ్యామ్ దాటి అరిజోనా వైపు 93వ నంబరు హైవే మీద ఇంకో నాలుగు మైళ్లు వెళ్తే, రోడ్డు పక్కనే ఓ పార్కింగ్ స్థలం వస్తుంది. అరిజోనా హాట్ స్ప్రింగ్స్‌కు నడక అక్కణ్నుంచే. రానూపోనూ దాదాపు 10 కిలోమీటర్లు.

బాట అంటారు గానీ, నిజానికి అది ఎండిపోయిన వాగు. వైట్ రాక్ క్యానియన్ దాని పేరు. కాళ్ల కింద ఇసుక, గులకరాళ్లు. ఇరువైపులా కోటి ఏళ్లకు పైబడిన అగ్నిపర్వత శిలలు. అదృష్టం ఉంటే పైగట్ల మీద వంకరకొమ్ముల అడవి గొర్రెలు కూడా కనిపిస్తాయి. వాగు కొలరాడో నదిని చేరాక ఎడమకు తిరిగి, ఒడ్డు వెంట కాస్త నడిచి, పక్క లోయలోకి ఎక్కాలి. ఎదురుగా ఇరవై అడుగుల జలపాతం, దానికి ఆనించి ఓ నిచ్చెన! ఒళ్లంతా తడుస్తుంది, తప్పదు. పైకి చేరితే ఇరుకు రాతి సందులో ఇసుక బస్తాలు అడ్డంపెట్టి నిలిపిన మడుగులు. ఊటకు దగ్గరున్న మడుగులో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. కిందికొచ్చేకొద్దీ తగ్గుతుంది.

చుట్టూ ఉన్నవి అగ్నిపర్వత శిలలే అయినా అవి ఎప్పుడో చల్లారిపోయాయి; ఈ వేడి వాటిది కాదు. నేలలోకి ఇంకిన నీరు పగుళ్ల గుండా బాగా లోతుకు దిగి, భూగర్భపు వేడికి కాగి, మళ్లీ పగుళ్ల వెంటే పైకి వస్తోంది. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరడం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. విచిత్రం ఏమిటంటే, నాలుగడుగులు వేస్తే తగిలే కొలరాడో నీళ్లు మాత్రం ఏడాది పొడవునా సుమారు 12 డిగ్రీలే. డ్యామ్ వెనకున్న లేక్ మీడ్ లోతుల్లోంచి వదిలే నీళ్లు మరి.

ఈ ఊటలకు రింగ్‌బోల్ట్ అనే పేరూ ఉంది. 1935లో డ్యామ్ పూర్తికావడానికి చాలా ముందు, పంతొమ్మిదో శతాబ్దంలో, ఇక్కడ ఆవిరి పడవలు నడిచేవి. ఉరవడి ఎక్కువగా ఉన్నచోట రాతిగోడకు ఇనుప కడియాలు (రింగ్‌బోల్టులు) బిగించి, వాటికి తాడు కట్టి, పడవను ఎగువకు లాగేవారు.

మడుగులో మెడదాకా కూర్చోవచ్చు, తల మాత్రం ముంచకూడదు. కేరళలో కలకలం రేపిన ‘మెదడు తినే అమీబా’, నెగ్లేరియా ఫౌలెరీ, ఇలాంటి వెచ్చని నీళ్లలో ఉండే అవకాశం ఉందని ఇక్కడి అధికారులు హెచ్చరిస్తారు. అది సోకడం అరుదే గానీ, సోకితే బతికేవాళ్లు బహు తక్కువ. తాగితే కాదు, ముక్కులోంచి వెళ్తేనే ముప్పు.

అమీబా కన్నా ఎక్కువ ప్రమాదం తిరుగు నడకలో ఉంది. కొండెక్కేవాళ్లకు ముందే ఆయాసం వచ్చి హెచ్చరిస్తుంది. ఇక్కడ మొదట అంతా దిగుడే కాబట్టి హుషారుగా వెళ్లిపోతారు. వేడినీళ్లలో నానితే రక్తనాళాలు వ్యాకోచించి, లేవగానే కళ్లు తిరగొచ్చు. ఆ స్థితిలో ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ ఎగువకు నడవాలి. పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీరు మాత్రం తరిగిపోతుంది. దారిలో తాగునీరు దొరకదు. వేసవిలో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే ఏటా మే 15 నుంచి సెప్టెంబరు 30 దాకా ఈ దారి మూసేస్తారు. చలికాలం అనువైనదే, కానీ ఆకాశంలో మబ్బు కనిపిస్తే వెళ్లకూడదు. ఎక్కడో కురిసిన వానకు ఈ ఎండువాగుకు ఒక్కసారిగా వరద రావచ్చు.