శాస్త్రీయ నామంలో మన తెలుగు మాట – సోమిద చెట్టు

వృక్షశాస్త్రం చదివే విద్యార్థులను మొదట భయపెట్టేవి లాటిన్ పేర్లు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. వాటిని ఎలా పలకాలో అడుగుదామన్నా చెప్పేవారు లేరు. కానీ ఆ పేర్ల మధ్యనే ఒక తెలుగు మాట ఉందని మీలో ఎందరికి తెలుసు? అదే సోమిద.

సోమిద మీలియేసి కుటుంబానికి చెందిన చెట్టు. వేప, తురకవేప, అమెరికా ఖండపు మహాగని దీనికి బంధువులు. ఇది ఆకురాల్చే అడవుల్లో పెరుగుతుంది. కొన్నిచోట్ల సోమి అని కూడా అంటారు. దీని కాయ చెక్కలా గట్టిగా ఉండి, ఎండిన తర్వాత ఐదు భాగాలుగా పగులుతుంది. గింజలకు రెక్కలుంటాయి కనుక గాలికి ఎగిరి దూరంగా పడతాయి. చేవ ముదురు ఎరుపు రంగులో, చాలా బరువుగా ఉంటుంది.

1781లో సామర్లకోటకు వచ్చిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఈ చెట్టును పరిశీలించి, మహాగని ప్రజాతిలో చేర్చి 'స్వీటీనియా ఫెబ్రిఫ్యూగా' అని పేరు పెట్టాడు. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది అని అర్థం. ఈ కలప ఎంతో కాలం మన్నుతుందని ఇక్కడివారు దేవాలయాల పనికి వాడేవారని కూడా ఆయన రాశాడు. 1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త అడ్రియన్ ద జుస్సియూ దీనిని వేరే ప్రజాతిగా గుర్తించి, తెలుగు పేరునే తీసుకుని 'సోయ్‌మిడా' అన్నాడు. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే!

మిత్రులారా! రాక్స్‌బర్గ్ ఈ చెట్టును పుస్తకానికి ఎక్కించక ముందే దానికి పేరు పెట్టినవారు, దాని చేవ ఎంతటిదో తెలిసినవారు మన పల్లెల్లో, అడవుల్లో ఉన్నారు. వారికి చదువు రాకపోవచ్చు, తెలివి లేదనగలమా?

అయితే ఒక హెచ్చరిక. చేదుగా ఉండే సోమిద బెరడును ఒకప్పుడు సింకోనా బెరడుకు బదులుగా జ్వరాలకు వాడి చూశారు. సింకోనాలో మలేరియాను తగ్గించేది క్వినైన్. దానిని 1820లోనే వేరుచేశారు. చేదుగా ఉన్న బెరడు అంతా క్వినైన్ కాదు. జ్వరం వస్తే రక్త పరీక్ష చేయించుకుని, డాక్టరు ఇచ్చిన మందులే వాడాలి. పైగా మాను చుట్టూ బెరడు ఒలిస్తే, ఆకుల్లో తయారైన ఆహారం వేళ్ళకు అందక చెట్టే ఎండిపోతుంది.

ఈసారి సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మను, తాతయ్యను చెట్ల పేర్లు అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. వారి నోట ఉన్న మాటను కాగితం మీద పెట్టడం, చదువుకున్న మన బాధ్యత.