చీకటిమొలక

నిజాంసాగరపు కాలువక్రింద నాట్లకాలము సమీపింపగనే బాన్సువాడ ప్రాంతపు కాపుటిండ్లలో వడ్లకు మండె కట్టుట మొదలగును. 1923లో నారంభమై 1931లో ముగిసిన యీ జలాశయము మంజీరజలమును మడికి దెచ్చును గాని మొలకకు పచ్చదనము నీయజాలదు. ఒకదినము నానిన వడ్లను గోనెసంచిలో మూటగట్టి బరువుంచగా మరునాటికో మూడవనాటికో మొలక తలయెత్తును. ఆ మూట విప్పిన సోదరీమణు లెరుగుదురు, ఆ మొలక తెల్లనిది. నారుమడిలో జల్లిన కొలదిదినములకే యది చిలుకరెక్కవలె పచ్చనగును.

ఆకునకు రంగునిచ్చు ద్రవ్యమును పత్రహరిత మందురు. దానిని గట్టుపనిలో చాలవరకు మొలక చీకటిలోనే ముగించుకొనును. కడపటి మెట్లలో నొకటి వెలుతురుకై మిగులును. అచ్చట నొక మాంసకృత్తు పూర్వద్రవ్యమును బట్టుకొని వేచియుండును. వెలుతురు సోకిన క్షణముననే దానిని మార్చివేయును. పైనుచెట్ల మొలకలు చీకటిలోను కొంత పచ్చబడగలవు. మన వరికి, పెసరకు నా శక్తి లేదు.

వెలుతురు వచ్చెనని మొలక కెవరు చెప్పుదురు? ఎర్రకాంతిని గుర్తించు ఫైటోక్రోము అను ద్రవ్యమును 1959లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధకులు కనుగొనిరి. దాని సంకేతముచే, సూర్యరశ్మిని బట్టి యాహారము వండుటకు వలయు మాంసకృత్తులు తయారగును. పెండ్లిసామగ్రి కొంత పుట్టింట, కొంత యత్తింట సిద్ధమైనట్లు, వీనిలో కొన్నింటి నమూనా కణకేంద్రమునందును, కొన్నింటిది హరితరేణువునందును గలదు. పత్రహరితము జతగూడనిచో వానిలో ననేకము నిలువక నశించును.

అంతదాక మొలక తల్లిగింజ కట్టియిచ్చిన చద్దిమూటనే తినుచుండును. చీకటిలో కాడ సన్నముగా సాగుట, ఆకు ముడుచుకొనియుండుట, వెలుతురు వెదకుకొనుటకే. చద్ది తీరినచో ప్రాణము తీరును. చిరకాలము చీకటిలో మ్రగ్గినదానిని తటాలున మండుటెండలో బెట్టినను ముప్పే. పేరుకొనిన పూర్వద్రవ్యమే కాంతిచే విషప్రాయమై కణములను మాడ్చును.

యాసంగినారు ఎండ యుండియు పసుపువన్నె నుండుటకు తరచుగా చలియే కారణము; చలిలో నీ నిర్మాణమంతయు మందగించును. నారు పాలిపోగానే యూరియా చల్లుటకు బరుగెత్తువారు ముందుగా రాత్రిచలిని విచారించుట మేలని నా యభిప్రాయము.

వంటింటిలోనే చూడదలచిన మెంతులను మూడు మూకుళ్లలో జల్లి, ఒకదానిని వెలుతురున నుంచి, రెండింటిపై కుండలు బోర్లింపుడు. ఆరవనాడు ఒక కుండ దీసి, మూకుడును వసారాలోని నీడవెలుతురున నుంచినచో మరునాటి సాయంకాలమునకు పసుపుటాకులు పచ్చబారును. మూడవది యెన్నిదినములు నిలుచునో పిల్లలచేత లెక్కింపజేయుడు.