గీసి చూస్తే గొడ్డు తెలుస్తుంది

మీ ఇంట్లో ఎడ్ల ఫొటో ఒక్కటైనా ఉందా? పెళ్లి ఫొటోలు ఉంటాయి. పిల్లలు బడికి పోయిన మొదటి రోజు ఫొటో ఉంటుంది. పదేళ్లపాటు మీ చేను దున్నిన జత ఫొటో మాత్రం చాలా ఇళ్లలో ఉండదు. అమ్మిన నాడు ఎడ్లతోపాటే వాటి రూపమూ వాకిలి దాటి పోతుంది.

మా ఇంట్లోనూ ఫొటో లేదు. కానీ ఒక బొమ్మ ఉంది. నాలుగో తరగతి నోటుబుక్కులో, కూడికలు తీసివేతల నడుమ, పెన్సిలుతో గీసిన మైల ఎద్దు. అంతకు ముందు అదే ఎద్దును కొట్టం గోడమీద బొగ్గుతో గీశాను. పడుకున్నది లేస్తున్నట్టు వేద్దామనుకుని ముందుకాళ్లు నిటారుగా, వెనక భాగం నేలమీద ఉన్నట్టు గీశాను. తాత చూసి నవ్వాడు. "ఎద్దు గట్ల లేస్తదా బిడ్డా? గుర్రం లేస్తది గట్ల. పొద్దుగాల కొట్టంల కూసోని సూడు" అన్నాడు.

తెల్లారి చూశాను. ఎద్దు ముందు మోకాళ్లమీద ఆనుకుని, మొదట వెనక భాగాన్ని పైకెత్తింది. ఆ తరువాతే ముందుకాళ్లు ఒక్కొక్కటిగా చాపి లేచి నిలబడింది. రోజూ కళ్లముందు జరిగేదే. కానీ గీయాల్సి వచ్చేదాకా నేను దాన్ని చూడనే లేదు. ఈ వారం మీతో చెప్పదలచుకున్నది ఈ సంగతే.

మెదక్ మేకలు కాగితం ఎక్కాయి

బొమ్మలు గీయడం పట్నం వాళ్ల పని అనుకోకండి. పేరున్న చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ 1940లో నాటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్ లలితకళల కళాశాలలో చదివి, ఆ తరువాత బరోడా వెళ్లి కె.జి. సుబ్రహ్మణ్యన్ వంటి గురువుల దగ్గర నేర్చుకున్నారు. అంత దూరం పోయి చదివినా ఆయన చేతికి తిరిగి వచ్చింది చిన్ననాటి పల్లెటూరే. ఆ ఊరి మనుషులు, చెట్లు, మేకలు ఆయన బొమ్మల నిండా కనిపిస్తాయి. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆయన మేకలు చాలావరకు గీతల్లోనే నిలబడతాయి. లోహపు రేకుమీద మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచుతారు. సూది గీకిన చోట ఆమ్లం రేకును తింటుంది. ఆ గాళ్లలో సిరా నింపి, తడి కాగితం పరిచి గట్టిగా ఒత్తితే బొమ్మ దిగుతుంది. ఇందులో రంగు మాటున తప్పు దాచడానికి వీల్లేదు. మేక మెడ ఎక్కడ వంగుతుందో చేతికి ముందే తెలిసి ఉండాలి.

సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925-2012) కూడా అంతే. ఊరి పనులు, పండుగలు, కష్టజీవుల బతుకునే జీవితాంతం రంగుల్లో పెట్టారు. వీళ్లకు మొదటి బడి ఊరే. ఆ బడి మన వాకిట్లో ఇప్పటికీ ఉంది. అందులో కూర్చుని చూసే పిల్లలే తగ్గిపోతున్నారు.

రైతుకేం లాభం?

"బొమ్మ గీస్తే పాలు పెరుగుతాయా?" అని మీరు అడగవచ్చు. పెరగవు. కానీ చూపు పెరుగుతుంది. పశువును గీయాలంటే పావుగంట కదలకుండా దాన్నే చూడాలి. ఆరోగ్యంగా ఉన్న ఆవు ముట్టె తడిగా ఉంటుంది. మేత మేశాక తీరిగ్గా నెమరు వేస్తుంది. చెవులు వాల్చేసి, నెమరు మానేసి నిలబడిందంటే ఏదో తేడా ఉన్నట్టే.

ఆవును రెండు పక్కల నుంచీ గీయండి. ఎడమ డొక్క లోపల పెద్ద పొట్ట ఉంటుంది. కడుపుబ్బరం వస్తే మొదట ఉబ్బేది ఆ పక్కే. మామూలు రోజున ఆ డొక్క ఎలా ఉంటుందో ఒకసారి గీసినవాడికి, ఉబ్బిన రోజు దూరం నుంచే తెలిసిపోతుంది. వెంటనే పశువైద్యుణ్ని పిలిస్తే ప్రాణం దక్కుతుంది. అలాగే నడుము విల్లులా వంచి నడుస్తుంటే గిట్టల్లో నొప్పి ఉందేమో చూడాలి.

ఎలా మొదలుపెట్టాలి?

ఖర్చేమీ లేదు. పొయ్యిలో బొగ్గు, ఇంట్లో సున్నం, జాజు ఉంటే గోడ చాలు. లేదా పిల్లల పాత నోటుబుక్కు, పెన్సిలు. పశువు పడుకుని నెమరు వేసే వేళ ఎంచుకోండి, అప్పుడది ఎక్కువగా కదలదు. మొదట కళ్లూ కొమ్ములూ జోలికి పోవద్దు. వీపు గీత, పొట్ట గీత, కాళ్లు ఎక్కడ ఆనాయో అంతవరకే చూడండి. తల తరువాత.

ఆపైన జాతి లక్షణం పట్టుకోండి. ఒంగోలు గిత్తకు పెద్ద మూపురం, పొట్టి కొమ్ములు, మడతలుగా వేలాడే గంగడోలు. ముర్రా గేదె కొమ్ములు సుడి తిరిగి ఉంటాయి. పుంగనూరు ఆవు పొట్టిది, పక్కన మనిషిని గీస్తేనే దాని ఎత్తు అర్థమవుతుంది. గొంగడికి ఉన్ని ఇచ్చే దక్కని గొర్రెకు ముక్కు వంపు తిరిగి ఉంటుంది. మేక తోక పైకి లేచి ఉంటే, గొర్రె తోక కిందికి వాలి ఉంటుంది. మేక కంటిపాప అడ్డంగా ఉంటుంది. నమ్మకపోతే వెళ్లి చూసి రండి.

ఆలస్యం చేయకండి

2019 పశుగణన ప్రకారం దేశంలో నాటు పశువుల సంఖ్య 2012తో పోలిస్తే 6 శాతం తగ్గింది. లెక్క సంగతి అలా ఉంచండి. మీ వీధిలో ఈ రోజు ఎన్ని జతల ఎడ్లున్నాయి? మీ చిన్నప్పుడు ఎన్ని ఉండేవి? ఆ లెక్క మీకే బాగా తెలుసు.

మా ఊళ్లో ట్రాక్టరు కిరాయికి దొరకడం మొదలయ్యాక మా జతనూ అమ్మేశారు. కొన్నాళ్లకు తాత "ఆ బుక్కు తే" అని అడిగాడు. కళ్లద్దాలు సర్దుకుని బొమ్మను చాలాసేపు చూశాడు. "ఎడమ కొమ్ము కొస ఇరిగుండె గదరా. నువ్వు నిండ ఏసినవ్" అన్నాడు. రబ్బరు తెచ్చి ఆ కొస తుడిచేశాను. "ఇగో, గిప్పుడు మన ఎద్దే" అని బుక్కు మూశాడు. తాత పోయాడు. ఎద్దు ఏ ఊరికి పోయిందో తెలియదు. విరిగిన కొమ్ము మాత్రం ఆ కాగితంమీద ఉంది.

ఈ ఆదివారం పిల్లలను కొట్టంలోకి తీసుకుపొండి. వాళ్లను గీయనివ్వండి, తప్పు వేస్తే మీరు దిద్దండి. బొమ్మ కింద ఆ పశువును పిలిచే పేరు, వయసు, ఏ సంతలో కొన్నారో, ఎన్ని ఈతలు ఈనిందో రాయించండి. ఆ కాగితాన్ని పట్టాదారు పాసుపుస్తకంతో పాటు భద్రంగా దాచండి.